మెట్ల మీద ఒకటే నోరు

డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేసరికి నా కూతురు హాల్లో గీత మీద నడుస్తోంది.

గీతంటే మరేం లేదు, నేల మీద పలకల మధ్య అతుకు. వీధి తలుపు దగ్గర మొదలై వంటింటి గుమ్మం దాకా తిన్నగా పోతుంది. రోజూ బడికి వెళ్ళే ముందు దాని మీద కుడిపాదం తిన్నగా వేస్తూ అటూ ఇటూ నడవాలని వాళ్ళ నాన్న ఉత్తర్వు. ఆయన టీ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని, "మడమ గీత మీద. బొటనవేలు కూడా గీత మీదే. మళ్ళీ బయటికి పోతోంది చూడు, లోపలికి తిప్పు" అంటున్నారు. పిల్ల పెదవి కొరుక్కుంటూ తిప్పుతోంది.

ఫోన్లో హలో లేదు, నమస్కారం లేదు. "పాప ఎక్కడుంది?" అంది డాక్టరమ్మ.

"ఇక్కడే ఉందండీ. నడుస్తోంది."

"ఆపండి. ఆ కాలు నేల మీద ఆననివ్వకండి. ఒక్క అడుగు కూడా వద్దు. ముందు ఆపండి, తర్వాత చెప్తాను."

"ఆగు!" అని నేను పెట్టిన కేకకు మా ఆయన చేతిలో టీ తొణికింది. పిల్ల కుడికాలు గాల్లో ఉండగానే బిగుసుకుపోయింది. హాలు మధ్యలో ఉంది, పట్టుకుందామంటే గోడ అందదు. ఎడమకాలి మీద ఊగుతూ నా వంక చూసింది. ఎప్పుడూ అంతే, ఇంట్లో ఎవరు గొంతు పెంచినా తప్పు తనదేనేమో అనుకుంటుంది.

"కాలు దించకు. దించావంటే చంపేస్తాను" అన్నాను. ఏం మాటలో అవి! పరుగెత్తుకెళ్ళి దాని చంక కింద నా భుజం పెట్టాను.

"ఏమైందే? తేలుందా ఏంటి?" అంటూ ఆయన వచ్చి రెండో వైపు పట్టుకున్నారు. ఇద్దరం కలిసి పిల్లను మూలనున్న బొంతల దొంతర మీద కూర్చోబెట్టాం.

మా ఇంట్లో కుర్చీల కంటే బొంతలే ఎక్కువ. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం మా పని. సామాను గీసుకోకుండా చుట్టే బొంతలు, బరువులు కట్టి మోసే పటకాలు, అట్టపెట్టెలు, టేపు చుట్టలు, వీటి మధ్య ఖాళీ దొరికిన చోట మేం కాపురం చేస్తాం. మా ఆయన, మా మరిది వ్యాను నడుపుతారు, బరువులు ఎత్తుతారు. ఫోన్లు, బేరాలు, చీవాట్లు నా వంతు.

పిల్లకు నొప్పి మొదలై నెలలైంది. కుడి మోకాలు అనేది. మా ఇంట్లో మోకాళ్ళ నొప్పంటే జలుబు చేసినట్టు లెక్క. మా మామగారికి ఉండేది, మా ఆయనకు ఉంది, మా మరిదికి ఈమధ్యే వచ్చింది. బీరువాలు మోసేవాళ్ళకు మోకాళ్ళు కాక ముక్కు నొప్పెడుతుందా? ఏడో తరగతి పిల్ల పుస్తకాల సంచి తప్ప ఏం మోసిందని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆయన మోకాలి పట్టీ దానికి తొడిగారు, ఆయన మందే దానికీ రాశారు.

వీధి చివరి డాక్టరు ఎదిగే వయసులో మామూలే అన్నాడు. ఇంకొకాయన మోకాలికి ఎక్స్‌రే తీయించి, అంతా శుభ్రంగా ఉంది, కాస్త బరువు తగ్గించండి అన్నాడు. మా పిల్ల బొద్దుగా ఉంటుంది, వయసుకు మించిన పొడుగు. మా మరిది ముద్దుకి "చిట్టి బీరువా" అంటాడు. ఆ డాక్టరు మాట విన్నాక అది రెండోసారి వడ్డించుకోవడం మానేసింది. నొప్పి ఇంకా ఉందంటే, తిండి తగ్గించలేదని అంటామేమోనని ఆ సంగతి చెప్పడమూ మానేసింది.

తర్వాత కుడిపాదం బయటికి తిరగడం మొదలైంది. మా పనిలో అది మహా నేరం. మెట్లు దిగేవాడి పాదం తిన్నగా పడాలి. పక్కకు తిరిగిందంటే పట్టు తప్పి మనిషీ సామానూ కలిసి కిందికి పోవడమే. కొత్తవాడు పనికి వస్తే మా ఆయన వాడి భుజాలు చూడరు, పాదాలు చూస్తారు. ఎందరి నడకో దిద్దిన మనిషి, సొంత కూతురి నడక దిద్దుకోలేనా అనుకున్నారు. మరో ఇంట్లో అయితే ఆ పాదాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. మా ఇంట్లో దాన్ని వదల్లేదు, గీత మీద పెట్టి మరీ లోపలికి తిప్పించారు.

నిన్న సాయంత్రం నేనే మొండికేసి పెద్దాసుపత్రిలో ఈ ఎముకల డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ పిల్లను పడుకోబెట్టి మోకాలు పట్టుకుని నెమ్మదిగా పైకి వంచింది. కాలు తిన్నగా పైకి రాకుండా దానంతటదే పక్కకు వాలిపోయింది. అప్పటిదాకా పిల్లతో కబుర్లు చెబుతున్న ఆవిడ మాట ఆపేసింది. తుంటికి ఎక్స్‌రే రాసింది.

"నొప్పి మోకాల్లో అండీ" అని మా ఆయన గుర్తుచేశారు.

"తెలుసండీ" అంది ఆవిడ.

పెద్ద డాక్టరు పొద్దున వచ్చి ఫిల్ము చూస్తారు, ఈలోగా ఎక్కువ నడిపించకండని పంపించేసింది. ఎక్కువ అంటే ఎంతో మేం అడగలేదు. మా ఇల్లు పై అంతస్తులో ఉంది. లిఫ్టు పొట్ట విప్పుకుని రిపేరులో కూర్చుంది. పిల్ల ఆ మెట్లన్నీ ఎక్కే ఇంటికొచ్చింది.

ఇప్పుడు ఫోన్ స్పీకరులో పెట్టాను. డాక్టరమ్మ గొంతు తొందరగా ఉంది గానీ మాటలు మాత్రం విడివిడిగా వస్తున్నాయి.

"తొడ ఎముక పైకొసన బంతిలాంటిది ఉంటుందమ్మా, తుంటి గిన్నెలో తిరుగుతుంది. ఎదిగే పిల్లల్లో ఆ బంతికీ ఎముకకీ మధ్య మెత్తటి పొర ఉంటుంది. మీ పాపకు ఆ పొర దగ్గర జారుతోంది. నొప్పి మోకాల్లో తెలుస్తోంది గానీ జబ్బు తుంటిలో ఉంది. ఇప్పటికి కొంచెమే జారింది. ఒక స్క్రూ వేస్తే అక్కడే నిలుస్తుంది."

"వేయకపోతే?" అన్నారు ఆయన.

"ఒక్కసారిగా జారిపోవచ్చు. తూలినా, కాలు మెలిపడినా చాలు. అప్పుడు బంతికి రక్తం అందక పాడైపోవచ్చు. అదే జరిగితే ఈ వయసులోనే కీలు పోయినట్టు. ఇవాళే ఆపరేషన్. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. అంబులెన్స్ పంపమంటారా?"

"మా వ్యాను కిందే ఉందండీ. దించడం మా పనే" అన్నారు ఆయన. అప్పటికే ఆయన కళ్ళు తలుపు వెడల్పు కొలుస్తున్నాయి.

"సరే. కుర్చీలో కూర్చోబెట్టి దించండి. కాలు ఎలా ఉంటే తనకు హాయిగా ఉందో అలాగే ఉండనివ్వాలి. తిప్పొద్దు, లాగొద్దు. వింటున్నారా?"

నేను వింటున్నాను. ఆయన మెట్ల మలుపులు ఆలోచిస్తున్నారు. ఆ మొహం నాకు తెలుసు. ఇంత లావు సామాను ఇంత సందులోంచి ఎలా పోతుందా అని చూసే మొహం అది. నాకు ఒళ్ళు మండింది, కానీ తిట్టడానికి వ్యవధి లేదు.

మా మరిది వ్యాను తుడుచుకుని పైకొచ్చి, "మా బీరువా ఇంకా బడికి పోలేదే?" అన్నాడు. నేను చూసిన చూపుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. సంగతి చెప్పాను. పాపం, వాడి చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత గబగబా లోపలికెళ్ళి చేతులున్న కొయ్యకుర్చీ తెచ్చాడు.

పని మొదలయ్యాక అన్నదమ్ములకు మాటలక్కర్లేదు. కుర్చీలో ఒక బొంత పరిచారు. పిల్లను అలాగే ఎత్తి అందులో పెట్టారు. వీపుకొక బొంత, కుడికాలి కింద మడతపెట్టిన బొంత, నడుముకు పటకా. ఆయన ముడి లాగి చూశారు. మళ్ళీ లాగి చూశారు. మా మరిది అలవాటు చొప్పున జేబులోంచి "జాగ్రత్త, గాజు సామాను" అని అచ్చేసిన టేపు తీసి, నాలిక కరుచుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"అంటించు బాబాయ్, పరవాలేదు" అంది పిల్ల. అది నవ్వింది గానీ పెదాలు తెల్లగా ఉన్నాయి.

మెట్ల మీద మా వాళ్ళకొక పద్ధతి ఉంది. మా మామగారు పెట్టింది. బరువు మెట్ల మీదున్నంతసేపు ఒకటే నోరు ఉండాలి. కిందివైపు పట్టుకుని వెనక్కి దిగేవాడిదే ఆ నోరు. బరువు తన మీదికొచ్చేది వాడికే కాబట్టి ఎత్తు అన్నా, ఆగు అన్నా, వాల్చు అన్నా వాడే అనాలి. పైవాడికి దోమ కుట్టినా కిక్కురుమనకూడదు. ఇంటివాళ్ళు అది మా అత్తగారిచ్చిందండీ, ఇది మా పెళ్ళిదండీ అని మెట్ల మీద గోల పెడితే మా ఆయన నిర్దాక్షిణ్యంగా నోరు మూయిస్తారు. ఆ పద్ధతి వల్లే ఇన్నేళ్ళలో ఒక్క అద్దం కూడా పగల్లేదని ఆయన గొప్ప.

ఆయన కిందివైపు నిలబడి పటకాలు భుజాల మీదుగా వేసుకున్నారు. పిల్లకు ఎదురుగా ఆయన, దాని వీపు వెనక పైమెట్టు మీద మా మరిది. దారి చూడటానికి నేను ఆయన కంటే ముందు దిగుతున్నాను. నాకు ఆయన వీపు, ఆ భుజం మీదుగా పిల్ల మొహం కనిపిస్తున్నాయి.

"ఎత్తు" అన్నారు ఆయన. కుర్చీ లేచింది.

మొదటి వరస మెట్లు మాట లేకుండా దిగాం. ఆయన చెప్పుల చప్పుడు, మా మరిది ఊపిరి, అంతే. ఎన్నిసార్లు ఈ మెట్ల మీద మంచాలు దిగాయి, ఫ్రిజ్‌లు దిగాయి! అప్పుడు ఇంట్లో కూరలు తరుక్కుంటూ కూర్చునేదాన్ని. ఈ మెట్లు ఇంత నిట్టనిలువుగా ఉంటాయని ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు.

మలుపు దగ్గర చిక్కొచ్చింది. కింది ఫ్లాటు టీచరమ్మ తన చెప్పుల అలమర తెచ్చి మలుపులో పెట్టుకుంది. దాని మీద ఎప్పటినుంచో మాకు మంట. కుర్చీ తిరగాలంటే జానెడు చోటు కావాలి, పిల్ల కుడిపాదం బయటికి తిరిగి ఉండటంతో అది అలమర అంచుకు తగులుతోంది.

"ఆగు. వాటం చూసుకో. కొంచెం నీ వైపు వాల్చు" అన్నారు ఆయన. కుర్చీ వెనక్కి వాలింది. బరువు పటకాల మీద నిలిచింది. ఆయన ఒక చెయ్యి వదిలి పిల్ల పాదం పట్టుకున్నారు. రోజూ పొద్దున గీత మీద తిప్పినట్టే దాన్ని లోపలికి తిప్పబోయారు.

పిల్ల నోటివెంట చప్పుడు రాలేదు. కళ్ళు మాత్రం పెద్దవై అలాగే నిలిచిపోయాయి. కుర్చీ చేతుల మీద దాని వేళ్ళు తెల్లబడ్డాయి.

"వదలండి!" అని అరిచాను.

"మెట్ల మీద మాట్లాడకు" అన్నారు ఆయన తల తిప్పకుండా.

"కాలు వదలమంటున్నాను!"

"బరువు చేతిలో ఉంది. నోర్ముయ్."

"అది సామాను కాదండీ, మనిషి! డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది, తిప్పొద్దు, లాగొద్దని. మీరు విన్నారా? మీకు తలుపులూ మెట్లూ తప్ప ఏం వినిపించాయి? దాని మొహం చూడండి ఒకసారి. పాదం కాదు, మొహం చూడండి!"

ఆయన చెయ్యి వదిలేశారు. మొహం చూశారో లేదో నాకు తెలియదు, వీపు మాత్రం ఒక్కసారిగా కదలకుండా అయిపోయింది. పైనున్న మా మరిది బరువు కింద వణుకుతూ కూడా ఒక్క మాట అనలేదు. ఆ పద్ధతిలో పెరిగినవాడు కదా.

పిల్ల చిన్నగా అంది. "నాన్నా, అటు తిప్పితేనే నొప్పి. బయటికి ఉంటే అంత ఉండదు."

"ఎప్పటినుంచి?"

"ఎప్పుడూ అంతే."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను నాన్నా. తిన్నగా పెడితే అదే పోతుందన్నావు. తర్వాత తిన్నగానే పెట్టాను."

ఎవరి మీద అరవాలో నాకు తెలియలేదు. పొద్దున్నే లేచి, ఆ పిచ్చితల్లి నొప్పిని పళ్ళ కింద నొక్కిపెట్టి గీత మీద నడిచింది. వంటింట్లోంచి నేను చూస్తూనే ఉన్నాను.

"నాన్నా, ఏడవకు. కుర్చీ ఊగుతోంది" అంది పిల్ల.

పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూసింది లేదు. ఇప్పుడూ చూడలేదు. పిల్లకొక్కదానికే ఆ మొహం కనిపించింది.

ఆయన మొహం భుజానికి తుడుచుకున్నారు. "తమ్ముడూ, విను. ఇక నోరు నాది కాదు. దీనిది. ఇది ఎత్తమంటే ఎత్తు, ఆగమంటే ఆగు. నేను చెప్పినా వినకు."

"సరే అన్నయ్యా. అయితే తొందరగా ఏదో ఒకటి చెప్పమ్మా, చేతులు పోతున్నాయి" అన్నాడు మా మరిది.

పిల్ల నా వంకా, వాళ్ళ నాన్న వంకా మార్చి మార్చి చూసింది. దాన్ని ఇంట్లో ఎవరైనా ఏదైనా అడిగి చేశారా ఎప్పుడైనా? నేను ముందు ఆ అలమర సంగతి చూశాను. రెండు చేతులతో పట్టుకుని టీచరమ్మ తలుపుకు అడ్డంగా ఈడ్చి పారేశాను. లోపల చెప్పులన్నీ దబదబా రాలాయి. తలుపు తెరవాలని చూసి ఆవిడ లోపలినుంచి ఏదో అంటోంది. అననీ.

"బాబాయ్, కొంచెం పైకి. నాన్నా, నువ్వు ఇటు జరుగు. ఇంకొంచెం. ఆగు, ఆగు! కాలు తగులుతోంది. ఇప్పుడు తిరగండి. మెల్లగా" అంది పిల్ల.

తిరిగాం. దాని పాదం గోడకు వెంట్రుకవాసి దూరంలో పోయింది. పాదం బయటికే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

కింది మలుపు వచ్చేసరికి దాని గొంతు కాస్త నిలబడింది. మధ్యలో ఒకసారి "ఆపండి, బాబాయ్ ఊపిరి తీసుకోనివ్వండి" అని కూడా అంది. మా మరిది, "బాబోయ్, ఈ మేస్త్రీ మీ నాన్న కంటే నయం" అన్నాడు. ఆఖరి వరసలో ఆయన కాలు ఒక మెట్టు మీద రవంత జారింది. కుర్చీ ఒక్కసారి కుదిపేసినట్టు ఊగింది. నేను వెనకనుంచి ఆయన వీపుకు రెండు చేతులూ ఆన్చి నిలబడిపోయాను. పిల్ల కళ్ళు మూసుకుని లోపల ఏదో వెతుక్కున్నట్టు కాసేపు ఉండి, "ఏం కాలేదు. దించండి" అంది.

వ్యానులో కుర్చీని వెనక గోడకు కట్టారు. తాళాలు తమ్ముడికిచ్చి ఆయన వ్యాను వెనక భాగంలోనే, నా పక్కన, నేల మీద కూర్చుని కుర్చీ కాళ్ళు రెండు చేతులా పట్టుకున్నారు. దారిలో మిట్ట వచ్చినప్పుడల్లా పిల్ల "మెల్లగా" అంటే నేను ముందుకి అందించడం, మా మరిది నత్తలా దాటించడం. వెనక కార్లవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పొడిచారు. ఒకడు పక్కకొచ్చి ఏదో తిట్టాడు. నేను తిరిగి తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

ఆసుపత్రి గుమ్మంలో డాక్టరమ్మే ఎదురొచ్చింది. పిల్లను కుర్చీతో సహా లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ ఫిల్ము తీశారు. తలుపు బయట మేం ముగ్గురం నిలబడ్డాం, పక్కన బెంచీ ఉన్నా ఎవరికీ కూర్చోవాలనిపించలేదు. ఆ మలుపులో ఆయన తిప్పిన తిప్పుకి, ఆ ఆఖరి కుదుపుకి లోపల ఏమైందో ఆ ఫిల్ము చెప్పాలి. ఆయన తన కుడిచెయ్యి కేసే చూసుకుంటున్నారు. నేను ఓదార్చలేదు. ఓదార్చాలని అనిపించలేదు కూడా, నిజం చెప్పొద్దూ.

డాక్టరమ్మ బయటికొచ్చింది. "నిన్నటికంటే జారలేదు. బాగా దించారు."

మా మరిది గోడకు జారగిలబడి అలాగే నేల మీద కూలబడ్డాడు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆవిడే మెల్లగా విడిపించుకుని, "ఇంకో విషయం ఉంది, రండి" అంది.

ఆపరేషన్ గదికి ముందున్న గదిలో పిల్ల స్ట్రెచరు మీద ఆకుపచ్చ గౌనులో ఉంది. డాక్టరమ్మ మాతో చెప్పే మాట దానికి కూడా వినిపించేలాగే చెప్పింది.

"కొందరు పిల్లల్లో రెండో తుంటి కూడా జారుతుంది. మీ పాప ఎడమ తుంటి ఫిల్ములో బాగానే కనిపిస్తోంది. కానీ ఫిల్ములో తెలియకముందే నొప్పి రావచ్చు. ఆ వైపు కూడా నొప్పుంటే ఇవాళే, ఈ మత్తులోనే, దానికీ స్క్రూ వేసేస్తాం. లేదంటే ఇప్పటికి ముట్టుకోం." పిల్ల వైపు వంగింది. "చెప్పమ్మా, ఎడమవైపు ఎప్పుడైనా నొప్పి పెట్టిందా? తొడలో గానీ, మోకాల్లో గానీ?"

పిల్ల ముందు వాళ్ళ నాన్న మొహం చూసింది. తర్వాత "లేదండీ" అంది.

ఆ "లేదు" నాకు తెలుసు. ఇన్ని నెలలుగా పొద్దున్నే వింటున్నదే. నొప్పి ఎలా ఉందే అంటే లేదు, వెళ్ళొస్తావా అంటే ఊఁ. అప్పుడు నమ్మాను, నమ్మితే నాకు పని తేలిక కాబట్టి. ఇప్పుడు నోరు తెరవబోయాను. ఆయన నన్ను ఆపారు. ఆ "లేదు" ఆయనకు కూడా వినిపించింది మరి, మొదటిసారి.

ఆయన స్ట్రెచరు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ మోకాళ్ళు టకటకమన్న చప్పుడు గదిలో అందరికీ వినపడింది.

"నేను బయటికి వెళ్ళిపోనా తల్లీ? నేనుంటే చెప్పలేవా?" అన్నారు.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఉండు."

"అయితే చెప్పు. నాకు కాదు, ఆవిడకు చెప్పు."

డాక్టరమ్మ తొందరపెట్టలేదు. గోడ మీది గడియారం వైపు చూసిన నర్సును కళ్ళతోనే ఆపింది.

"అది కూడా నొప్పే" అంది పిల్ల ఆఖరికి, పైకప్పు కేసి చూస్తూ. "బళ్ళో మెట్లెక్కితే వస్తుంది. తొడలో. సెలవులకు ముందునుంచే వస్తోంది. రెండు కాళ్ళూ నొప్పంటే బద్ధకం అనుకుంటారని చెప్పలేదు."

నాకు ఆ గదిలో ఉన్న ప్రతి వస్తువునూ పగలగొట్టాలనిపించింది. దాన్ని గుండెకు హత్తుకోవాలనీ అనిపించింది, కానీ ముట్టుకోవడానికి కూడా భయమే. ఆయన తలవంచుకుని స్ట్రెచరు కమ్మీ పట్టుకున్నారు, లేవడం చాతకానివాడిలా.

"చెప్పి చాలా మంచి పని చేశావు" అంది డాక్టరమ్మ. నర్సు వైపు తిరిగి, "రెండు వైపులా. లోపల చెప్పండి" అంది. మాకు మరో కాగితం ఇచ్చారు, ఆయన సంతకం చేశారు.

స్ట్రెచరు కదిలించబోతుంటే పిల్ల నా కొంగు పట్టుకుంది. "అమ్మా, నేను చెప్పకపోతే ఒక కాలికే చేసేవాళ్ళా?"

"అవునమ్మా."

"మరి చెప్పడం మంచిదేనా?"

"మంచిదే నా తల్లీ. చెప్పకపోతే ఇంకో పొద్దున్న ఆ కాలు కూడా ఇలాగే అయ్యేది. నువ్వు చెప్పబట్టే ఇప్పుడే పట్టుకున్నారు."

అది వాళ్ళ నాన్న వైపు తల తిప్పింది.

"అయితే ఇంకోటి కూడా చెప్తాను. నాకు భయంగా ఉంది నాన్నా."

మా ఆయన ఎన్నో ఇళ్ళ బరువులు మోసిన మనిషి. మెట్ల మీద కాలు జారినా, పటకా తెగినా ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు. ఇప్పుడు లేచి, దాని తలమీద చెయ్యి వేసి, డాక్టరమ్మ ముందూ నర్సు ముందూ తమ్ముడి ముందూ, "నాకూ భయంగానే ఉందమ్మా" అన్నారు. పిల్ల ఆయన వేలు గట్టిగా పట్టుకుంది. తలుపు దాకా అలాగే పట్టుకుని ఉంది, అక్కడ నర్సు మెల్లగా విడదీసి లోపలికి తీసుకెళ్ళింది.